ఎత్తైన విండ్‌షీల్డ్ కొనేముందు ఒకసారి నిలబడి చూడండి

350 సీసీ నేకెడ్ బైక్, అంటే ముందు గాలి తొడుగు లేని బండి. వేగం 90 దాటితే ఛాతీ మీద ఎవరో చెయ్యి పెట్టి వెనక్కి నెడుతున్నట్టుంటుంది. ముందు చక్రం తేలిపోతున్నట్టు అనిపిస్తుంది. లారీని దాటేటప్పుడు బండి పక్కకి జరుగుతుంది. రెండు గంటలు నడిపితే మెడ పట్టేస్తుంది. అందుకని దొరికినవాటిలో అన్నిటికంటే ఎత్తైన విండ్‌షీల్డ్ పెట్టించేద్దామనుకుంటున్నారు. మీరు అడిగింది ఇదే కదా.

విండ్‌షీల్డ్ పెట్టండి, హాయిగా ఉంటుంది. అన్నిటికంటే ఎత్తైనది మాత్రం వద్దు. ఇంకో మాట. మీరు చెప్పిన నాలుగు ఇబ్బందుల్లో విండ్‌షీల్డ్ ఖాయంగా తీర్చేది ఒక్క ఛాతీ మీది నెట్టుడే. మెడనొప్పి తగ్గొచ్చు, పెరగనూ వచ్చు. ముందు చక్రం సంగతి సగం బండిది, సగం మీ చేతులది. లారీ పక్కన బండి జరగడం షీల్డ్ పెట్టాక కూడా ఉంటుంది.

గాలి తోపు వేగం వర్గంతో పెరుగుతుంది. అంటే 60లో మీ ఛాతీకి తగిలే తోపు 120కి వచ్చేసరికి నాలుగింతలవుతుంది. 80 నుంచి 100కి వెళ్తేనే ఒకటిన్నర రెట్లు దాటిపోతుంది. నిటారుగా కూర్చున్న మనిషి ఛాతీ, భుజాలు, తల కలిపి లెక్కేస్తే 100 దగ్గర సుమారు పది పదిహేను కిలోల బలం వెనక్కి నెడుతుంటుంది. అప్పుడు వెనక్కి వాలిపోకుండా మీరు పట్టుకునేది హ్యాండిల్‌నే. వేగం పెరిగేకొద్దీ హ్యాండిల్‌కి వేలాడుతుంటారన్నమాట. రెండు చేతులూ సమానంగా లాగవు. కుడిచెయ్యి యాక్సిలరేటర్ తిప్పి పట్టుకుని ఉంటుంది, ఎడమచెయ్యి అప్పటికే అలిసిపోయి ఉంటుంది, ఇంతలో ఒక గాలి తెర వచ్చి ఒక భుజాన్ని తోస్తుంది. ఆ తేడా అంతా నేరుగా స్టీరింగ్‌లోకి పోతుంది. బండి వణుకుతోందనుకుంటాం గానీ చాలాసార్లు వణికించేది మనమే. దానికి తోడు ఈ తోపు బండి బరువు కేంద్రానికి బాగా పైన తగులుతుంది కాబట్టి ముందు చక్రం మీది భారం కొంత వెనక చక్రం మీదికి పోతుంది. కాబట్టి ముందు చక్రం తేలినట్టు ఉందన్న మాట వట్టి భ్రమేమీ కాదు.

ఇందులో మీ వాటా ఎంతో తేల్చుకోవడం తేలిక. ఖాళీగా, తిన్నగా ఉన్న రోడ్డు మీద 90లో వెళ్తూ మోకాళ్లతో ట్యాంకుని గట్టిగా నొక్కిపట్టండి. నడుం దగ్గర కాస్త ముందుకు వంగండి. మోచేతులు వదులు చేసి, గ్రిప్పుని కోడిపిల్లని పట్టుకున్నంత మెత్తగా పట్టుకోండి. చేతులు మాత్రం తియ్యకండి. అలా పట్టు సడలించగానే బండి కుదురుకుంటే రోగం గాలిది, మీ చేతులది. విండ్‌షీల్డ్ పని చేస్తుంది. కుదురుకోకపోతే రోగం బండిలో ఉంది. అప్పుడు దాని ముందు ప్లాస్టిక్ పలక నిలబెట్టడమంటే జ్వరం ఉన్నవాడికి కోటు తొడగడమే.

అందుకని డబ్బు ఖర్చు పెట్టేముందు బండిని చూడండి. టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి ఎంతుందో కొలవండి. పంపు దగ్గర ఎవరో కొట్టిన లెక్క నమ్మొద్దు, మీ సొంత గేజ్‌తో చూడండి. ఒక్కరే వెళ్లేటప్పుడు ఎంతుండాలి, సామానూ వెనక మనిషీ ఉంటే ఎంతుండాలి అన్నది బండితో ఇచ్చిన పుస్తకంలోనే ఉంటుంది. వెనక టైరు మధ్యలో అరిగి చదునైపోయిందేమో చూడండి, హైవే మీదే ఎక్కువ తిరిగే బండికి అది మామూలే. తర్వాత స్టీరింగ్ బేరింగ్, అంటే హ్యాండిల్ తిరిగే కీలు. ముందు చక్రం గాల్లో ఉండేలా బండిని నిలబెట్టించి, ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టి ఉంచే జంట గొట్టాలు) కింది చివర్లు రెండూ పట్టుకుని మీవైపు లాగి, వెనక్కి నెట్టండి. చేతికి టక్‌మని ఆట, అంటే వదులు కదలిక, తగిలితే బేరింగ్ వదులైంది. అలాగే హ్యాండిల్‌ని వేలితో నెమ్మదిగా ఆ చివర్నుంచి ఈ చివరికి తిప్పండి. సరిగ్గా మధ్యలో చిన్న గుంటలో పడ్డట్టు ఆగితే ఆ బేరింగ్ అరిగిపోయింది, మార్చాల్సిందే. వెనక చక్రాన్ని పక్కలకి ఊపి స్వింగ్‌ఆర్మ్‌లో, అంటే ఆ చక్రాన్ని ఫ్రేమ్‌కి కలిపే చట్రంలో, ఆట ఉందేమో కూడా చూడండి. మొత్తం అరగంట పని.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం, ఇవేవీ చూసుకోకుండా నేనూ సరిగ్గా మీరనుకుంటున్న పనే చేశాను. హ్యాండిల్ బార్‌కి బిగించే రకం, తలకంటే ఎత్తున ఉండే పెద్ద షీల్డ్ తెచ్చి పెట్టుకున్నాను. వెనక అప్పటికే టాప్ బాక్స్, అంటే సీటు వెనక బిగించే సామాను పెట్టె, ఉంది, దాన్నిండా సామాను. 80 వరకు స్వర్గం. ఛాతీకి గాలి లేదు, జాకెట్ కదల్లేదు. 105 దగ్గర ఒక బస్సుని దాటి దాని ముందుకొచ్చేసరికి బండి పాము నడక మొదలెట్టింది. వేగంగా దడదడలాడటం కాదు, సెకనుకి రెండు మూడుసార్లు తీరిగ్గా అటూ ఇటూ ఊగడం. నేను భయపడి హ్యాండిల్‌ని బిగపట్టాను, ఊపు ఇంకా పెరిగింది. యాక్సిలరేటర్ నెమ్మదిగా వదిలి, ట్యాంకు మీదికి వంగిపోయాక 90 దగ్గర ఆగింది. రోడ్డు పక్కన బండి ఆపి దిగితే కాళ్లు వణుకుతున్నాయి.

తర్వాత అర్థమైంది. ఫోర్క్‌కో హ్యాండిల్‌కో బిగించిన షీల్డ్ స్టీరింగ్‌తో పాటు తిరుగుతుంది. దాని మీద పడ్డ ప్రతి గాలి తోపూ స్టీరింగ్‌ని తిప్పడానికే చూస్తుంది. అంతకుముందు నా చేతులు చేసిన తప్పు ఇప్పుడు ఆ పలక ఇంకాస్త బలంగా చేసింది. పైగా వెనక ఇరుసుకి అవతల వేలాడే టాప్ బాక్స్ బరువు ముందు చక్రం మీది భారాన్ని ఇంకా తగ్గిస్తుంది, బాక్స్ వెనక గాలి సుడులు తిరుగుతుంది. మూడూ కలిస్తే పాము నడక. అదే హ్యాండిల్ సెకనుకి ఆరు నుంచి పదిసార్లు చేతుల్లో దడదడలాడితే అది వేరే జబ్బు. దానికి ముందు టైరు, చక్రం బ్యాలెన్స్, స్టీరింగ్ బేరింగ్ వెతకాలి.

కాబట్టి మీ బండికి ఫ్రేమ్‌కి గానీ, కదలని హెడ్‌లైట్ చట్రానికి గానీ బిగించే రకం దొరికితే అదే తీసుకోండి. స్టీరింగ్ తిరిగినా షీల్డ్ తిరగదు, గాలి భారం నేరుగా బండి ఒంటి మీదికి పోతుంది. ఇది కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. 1970లలో అమెరికాలో క్రెయిగ్ వెటర్ చేసిన విండ్‌జామర్ ఫెయిరింగ్ (షీల్డ్‌తో కలిసిన ముందు తొడుగు) అన్ని రకాల బళ్లకీ అమర్చేలా వచ్చింది, దాన్ని ఫ్రేమ్‌కే బిగించేవారు. 1976లో వచ్చిన బీఎండబ్ల్యూ ఆర్100ఆర్‌ఎస్‌కి ముందు తొడుగుని గాలి సొరంగంలో పరీక్షించి మరీ తీర్చిదిద్దారు. గుండ్రటి హెడ్‌లైట్ ఫోర్క్‌తో పాటు తిరిగే పాతకాలపు నమూనా బండైతే మీకు దొరికేది హ్యాండిల్ రకమే కావచ్చు. అలాంటప్పుడు చిన్నది తీసుకోండి. బొడ్డు నుంచి ఛాతీ మధ్య వరకు గాలిని ఆపితే చాలు, పైన మిగిలిన గాలి భుజాలకి తగిలితే తగలనివ్వండి. టాప్ బాక్స్‌లో బరువైనవి పెట్టకండి, వాటిని పక్క బ్యాగుల్లోకో ట్యాంకు బ్యాగులోకో మార్చండి.

ఇక అసలు సంగతికి వద్దాం, ఎత్తు. షీల్డ్ గాలిని ఆపదు, పక్కకి మళ్లిస్తుంది. పై అంచు దాటిన గాలి రెండు రకాలుగా ఉంటుంది. అంచుకి బాగా పైన పోయేది శుభ్రమైన గాలి, ఒకే తీరుగా వీస్తుంది. అంచుకి ఆనుకుని వెనక్కి వచ్చేది చెదిరిన గాలి, సుడులు సుడులుగా వస్తుంది. శుభ్రమైన గాలి హెల్మెట్‌కి ఎంత బలంగా తగిలినా మెడ దానికి అలవాటు పడుతుంది. చెదిరిన గాలి అలా కాదు. హెల్మెట్‌ని సెకనుకి చాలాసార్లు ఇటూ అటూ కొడుతుంది, కళ్ల ముందు రోడ్డు మసకబారుతుంది, చెవుల్లో డప్పు మోగుతుంది. షీల్డ్ పెట్టాక మెడనొప్పి ఎక్కువైందని చాలామంది తిట్టుకునేది ఇందుకే. షీల్డ్ పొట్టిగా ఉంది కాబోలనుకుని ఇంకా ఎత్తైనది తెస్తారు. ఒక్కోసారి పొట్టిది పెడితే తల పూర్తిగా శుభ్రమైన గాలిలోకి వచ్చి ఆ బాధ తీరిపోతుంది.

మీ తల ఏ గాలిలో ఉందో కనుక్కోవడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. మొదట స్నేహితుడి బండిదో, అరువు తెచ్చుకున్నదో మామూలు ఎత్తు షీల్డ్ ఒకటి పెట్టుకోండి. ఖాళీ రోడ్డు మీద ఒకే వేగంలో, 80 అనుకోండి, నిలకడగా వెళ్తూ ఫుట్‌రెస్ట్‌ల మీద బరువు పెట్టి సీటు నుంచి ఒక పది సెంటీమీటర్లు పైకి లేవండి. మోత తగ్గిందా, హెల్మెట్ కుదురుకుందా? అయితే మీకు ఇంకా పొట్టి షీల్డ్ కావాలి. ఇప్పుడు కూర్చుని, తల కొంచెం దించండి. అలా దించినప్పుడు ప్రశాంతంగా ఉంటే ఇంకా ఎత్తు కావాలి, లేదా షీల్డ్ కోణం మార్చాలి. ఎంత లేస్తే, ఎంత దించితే హాయి వచ్చిందో గుర్తుపెట్టుకోండి, అది దాదాపు మీకు కావలసిన తేడా. నేను రెండో షీల్డ్‌తో ఇలా చేస్తే నాలుగు వేళ్ల ఎత్తు లేచేసరికి మోత టక్కున ఆగిపోయింది. నాలుగు వేళ్లు కోయించాను. ఎనిమిది నెలల మెడనొప్పి ఆ వారంలో పోయింది.

ఎంత ప్రశాంతంగా ఉన్నా షీల్డ్ పై అంచు మీ కళ్లకంటే ఎత్తుండకూడదు. హెల్మెట్ పెట్టుకుని మామూలుగా కూర్చున్నప్పుడు అంచు మీ ముక్కు ఎదురుగానో, పెదవుల ఎదురుగానో ఉండాలి. చూపు ఎప్పుడూ అంచు పైనుంచే పోవాలి. రాత్రి వానలో ఎదుటి బండి లైటు పడితే గీతలున్న షీల్డ్ మొత్తం తెల్లటి తెరలా వెలిగిపోతుంది, దాని వెనక రోడ్డు కనబడదు. హెల్మెట్ అద్దాన్ని చేత్తో తుడుచుకోవచ్చు, లేదా పైకెత్తుకోవచ్చు. షీల్డ్‌ని ఏం చేస్తాం? అయినా అంచు దాటిన గాలి కొంత పైకి ఎగిసి పోతుంది కాబట్టి ముక్కు ఎత్తున్న షీల్డ్ కూడా హెల్మెట్ మీదికి వచ్చే గాలిలో చాలావరకు తప్పిస్తుంది.

ఎత్తు సరిపోయినా మోత తగ్గకపోతే కింద చూడండి. షీల్డ్ ముందు గాలి ఒత్తిడి ఎక్కువ, వెనక తక్కువ. ఆ లోటు పూడ్చడానికి చుట్టుపక్కల గాలి మీ వీపు వైపు నుంచి, పక్కల నుంచి లోపలికి దూరుతుంది. వీపు మీద ఎవరో తోస్తున్నట్టు, జాకెట్ కాలర్ ముందుకి కొట్టుకుంటున్నట్టు అనిపించేది అదే. మందు ఏంటంటే షీల్డ్ కింది అంచుకీ హెడ్‌లైట్‌కీ మధ్య రెండు మూడు సెంటీమీటర్ల సందు వదలడం. కింద నుంచి వచ్చిన గాలి ఆ లోటుని నింపేస్తుంది, పై అంచు దగ్గర సుడులు మెత్తబడతాయి. సందులు మూసేస్తే ఇంకా హాయిగా ఉంటుందని రబ్బరు పట్టీలు అంటించేవాళ్లని చూశాను, సరిగ్గా తలకిందులు పని. బ్రాకెట్ కింద లావు వాషర్లు వేసి షీల్డ్‌ని ఒక సెంటీమీటరు ముందుకి జరిపినా, ఒక గాటు వెనక్కి వాల్చినా తేడా తెలుస్తుంది. ఒక్కసారికి ఒక్క మార్పే చెయ్యండి, మళ్లీ అదే రోడ్డు మీద, అదే వేగంలో చూడండి. రెండు మార్పులు కలిపి చేస్తే దేనివల్ల బాగైందో తెలియదు. ఎత్తు కాస్తే తక్కువైందనిపిస్తే కొత్త షీల్డ్ కొనకుండా పై అంచుకి క్లిప్పులతో తగిలించే చిన్న స్పాయిలర్ ఉంటుంది, దాన్ని పైకీ కిందికీ జరుపుకోవచ్చు.

లారీల సంగతి. పెద్ద బండి ముందు గాలి బయటికి తోసుకొస్తుంది, పక్కన, వెనక లోపలికి లాగుతుంది. దాన్ని దాటేటప్పుడు మొదట లాగుడు, ముందుకి చేరగానే తోపు తగులుతాయి. షీల్డ్ పెడితే ఎదురుగాలి భారం తగ్గుతుంది గానీ పక్కగాలికి బండి ఇంకాస్త విశాలంగా ఎదురవుతుంది. అందుకని పక్కగాలి బలంగా ఉన్న రోజు షీల్డ్ ఉన్న బండి లేనిదానికంటే ఎక్కువే జరుగుతుంది. మీ వరుసలో లారీకి దూరంగా ఉన్న వైపు నడపండి, మోకాళ్లు బిగించి చేతులు వదులుగా పెట్టండి. గాలి వచ్చే వైపు బండి కాస్త వాలుతుంది, వాలనివ్వండి. వంతెనల మీద, కొండ చాటు దాటి బయటికొచ్చే చోట ముందే వేగం తగ్గించండి.

కొనేటప్పుడు పదార్థం అడగండి. పాలీకార్బొనేట్ అయితే రాయి తగిలినా పగిలి ముక్కలు కాదు, కానీ పైన గట్టి పూత లేకపోతే ఊరికే గీతలు పడతాయి. యాక్రిలిక్ అద్దంలా మెరుస్తుంది, గీతలు తక్కువ, దెబ్బ తగిలితే విరుగుతుంది. హైవేకి నా ఓటు పూత ఉన్న పాలీకార్బొనేట్‌కే. రంగు షీల్డ్ అయితే చూపు పైనుంచే పోయేంత పొట్టిగా ఉంటేనే తీసుకోండి. చాలా పెద్ద షీల్డ్‌లకి తయారీదారే ఇంత వేగం దాటొద్దని రాసిస్తాడు, ఆ కాగితం పారేయకండి.

బిగింపులో నేను చేసిన ఇంకో తెలివితక్కువ పని చెప్తాను. బోల్టులు వదులవుతున్నాయని మరలకి లాకింగ్ ద్రవం పూశాను, ఇంజన్ బోల్టులకి వాడేదే. కొన్నాళ్లకి ప్రతి రంధ్రం చుట్టూ సాలెగూడులా సన్నటి పగుళ్లు. ఆ ద్రవం ఇలాంటి ప్లాస్టిక్‌ని తినేస్తుంది. షీల్డ్ బోల్టులకి రబ్బరు బుష్, నైలాన్ వాషర్, నైలాన్ లాక్ నట్టు, ఇంతే. చేత్తో బిగించాక స్పానర్‌తో ఇంకొంచెం, రబ్బరు కాస్త నొక్కుకునే దాకా. ప్లాస్టిక్ ఎండకి పెరుగుతుంది కూడా. అర మీటరు షీల్డ్ 40 డిగ్రీల తేడాకి ఒక మిల్లీమీటరు పైనే సాగుతుంది. రంధ్రంలో బోల్టుకి ఆ కాస్త చోటు లేకపోతే పగులు రంధ్రం దగ్గరే మొదలవుతుంది.

అంతా బిగించాక ఇంజన్ స్టార్ట్ చేసి, న్యూట్రల్‌లో, హ్యాండిల్‌ని రెండు వైపులా చివరిదాకా తిప్పండి. షీల్డ్‌కో బ్రాకెట్‌కో ట్యాంకు తగలకూడదు, క్లచ్ తీగ, బ్రేకు గొట్టం బిగుసుకోకూడదు, ఇంజన్ శబ్దం పెరగకూడదు. పెరిగితే యాక్సిలరేటర్ తీగ లాగుకుపోతోందని అర్థం, అలా రోడ్డెక్కితే ప్రమాదం. హెడ్‌లైటుకీ ఇండికేటర్లకీ ఏదీ అడ్డం రాకూడదు.

తుడవడానికి అద్దాల స్ప్రే వాడకండి, అందులో అమ్మోనియా ఉంటే షీల్డ్ మసకబారిపోతుంది. పెట్రోల్ చుక్క, బ్రేకు ఆయిల్ కూడా శత్రువులే. పురుగులు ఎండి అంటుకుపోతే తడిగుడ్డని పది నిమిషాలు పరిచి ఉంచండి, తర్వాత తేలికపాటి సబ్బునీళ్లతో మెత్తటి గుడ్డ. పొడిగుడ్డతో రుద్దితే దుమ్మే ఉప్పు కాగితమైపోతుంది.

మైలేజీ పెరుగుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. నిటారుగా ఉన్న పెద్ద షీల్డ్‌తో కాస్త తగ్గినా తగ్గొచ్చు. ఎండల్లో నెమ్మదిగా వెళ్లేటప్పుడు చెమట ఎక్కువవుతుంది, ఎండాకాలానికి విప్పి పెట్టుకునే వీలున్నది చూసుకోండి. చెవుల సంగతి మర్చిపోవద్దు. షీల్డ్ ఉన్నా 100 దగ్గర హెల్మెట్ లోపల గాలి మోత చెవులకి మంచిది కాదు. మెత్తటి ఇయర్ ప్లగ్స్ పెట్టుకుంటే హారన్ వినబడుతుంది, హోరు తగ్గుతుంది. మీ రెండు గంటల అలసటలో ఈ హోరు వాటా తక్కువేం కాదు. విండ్‌షీల్డ్ కొనేలోపే ఇవి కొని ఒక ప్రయాణం చేసి చూడండి.

బిగించాక మొదటి రోజు 80 దాటొద్దు. తర్వాత పదేసి చొప్పున పెంచండి. టాప్ బాక్స్ ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, నిండుగా ఉన్నప్పుడు ఒకసారి చూడండి. రెండొందల కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నీ మళ్లీ చేత్తో తడిమి చూడండి, ఒకటి రెండు వదులై ఉంటాయి. స్టీరింగ్ బేరింగ్ చూశాక ఆట తగిలిందో లేదో, లేచి చూసినప్పుడు మోత పెరిగిందో తగ్గిందో రాయండి, దాన్నిబట్టి ఏ ఎత్తుది తీసుకోవాలో చెప్తాను.